‘కట్టుబడి ఉన్నాం’ సరే, ఎప్పటికి?

పోయిన సంచికలో పెన్షన్ గురించిన ఒక ప్రశ్నకి జవాబిస్తూ, ఆ ఉత్తరం మీద ఆగస్టు 6 అని తేదీ ఉంటే, ‘హిరోషిమా రోజున రాశారన్నమాట’ అని ఒక్క లైను వేశాను. జపాన్‌లో ఆ ఊరి మీద అణుబాంబు పడ్డ రోజు కదా అది. అంతే. పెన్షన్ సంగతి ఒక్కరూ అడగలేదు, ఆ లైను పట్టుకుని ఇన్ని ఉత్తరాలు. అందుకని ఈసారి పేజీ మొత్తం అణుబాంబులకీ, వాటిని లేకుండా చేసే అణు నిరాయుధీకరణకీ ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదివేవాళ్లకి నా పరిచయం: హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఉండేది తార్నాక. రిటైరయ్యాను గానీ ఎర్ర పెన్ను అలవాటు మాత్రం పోలేదు. పెళ్లి శుభలేఖ ఇచ్చినా ముందు తప్పులే కనపడతాయి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆగస్టు 6న స్కూల్లో శాంతికి గుర్తుగా కాగితపు కొంగలు చేయించారు. మన దేశం మొదటి నుంచీ అణు నిరాయుధీకరణకి కట్టుబడి ఉందని టీచర్ చెప్పారట. ‘మరి మన దగ్గర బాంబులున్నాయి కదమ్మా’ అని ఇంటికొచ్చి నన్ను అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు మేడమ్?
— ఒక గృహిణి, కుషాయిగూడ

జవాబు: టీచర్ చెప్పిందీ నిజమే, మీ వాడు అడిగిందీ నిజమే తల్లీ.

1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఎంతో దూరంలో చేపలు పడుతున్న జపాన్ పడవ మీద దాని బూడిద పడింది. నెల తిరిగిందో లేదో, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో లేచి, ముందు ఈ పరీక్షలు ఎక్కడివక్కడ ఆపండి అన్నారు. పరీక్షలు ఆపమని అడిగిన తొలి దేశ నాయకుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాత 1974 మే 18న మనమే పోఖ్రాన్‌లో పేల్చాం. దానికి ‘శాంతియుత’ పేలుడు అని పేరు పెట్టాం. మళ్లీ 1988 జూన్ 9న రాజీవ్ గాంధీ ఐక్యరాజ్య సమితికి వెళ్లి, మూడు దశల్లో 2010 నాటికి ప్రపంచంలో ఒక్క అణ్వస్త్రం కూడా లేకుండా చేద్దామని ప్రణాళిక పెట్టారు. పదేళ్లు గడిచాయి. 1998 మే 11న మూడు, 13న రెండు పేల్చాం.

ఆ మే 11 సోమవారం. సాయంత్రం డ్యూటీ నాదే. ఆ ఎండలకి డెస్కులో ఉన్న ఒక్క కూలర్ లో నీళ్లు అయిపోయి వట్టి గాలి తిరుగుతోంది. ఆరు దాటాక ప్రధాని వాజ్‌పేయి ప్రకటన ఫ్లాష్ వచ్చింది. అప్పటికి వేసిపెట్టిన మొదటి పేజీ మొత్తం పీకేశాం. ఆ రోజు బుద్ధ పూర్ణిమ. 1974 పరీక్షకి ‘నవ్వే బుద్ధుడు’ అని సంకేతనామం ఉండేదని మా అందరికీ తెలుసు. నాకు ఒక్క క్షణంలో తట్టింది: ‘మళ్లీ నవ్విన బుద్ధుడు’. ఎనిమిది కాలాల బ్యానర్. డెస్కంతా చప్పట్లు. ఎవరో కింది హోటల్ నుంచి మైసూర్‌పాక్ తెప్పించారు. నేనూ రెండు ముక్కలు తిన్నాను, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

ప్రూఫులు చూసే పెద్దాయన ఒకరు ఉండేవారు, మెదక్ వైపు మనిషి, అప్పటికే అరవై దాటాయి. హెడ్డింగ్ చూసి కళ్లజోడు తీసి, ‘బుద్ధుడు నవ్విండా? నువ్వు చూసినవా బిడ్డా?’ అన్నారు. ఆయనకి అక్షరదోషాలు తప్ప వేరే ఏదీ పట్టదని అనుకునేదాన్ని. నేను నవ్వేసి పేజీ పంపించేశాను. సరిగ్గా పదిహేడో రోజున, మే 28న, పాకిస్తాన్ చాగై కొండల్లో పేల్చింది. ఆ రోజు కూడా ఫాంట్ సైజు అదే పెట్టాల్సి వచ్చింది. మైసూర్‌పాక్ మాత్రం ఎవరూ తెప్పించలేదు.

మీ అబ్బాయికి ఇంత కథ అక్కర్లేదనుకుంటే ఇలా చెప్పండి. 2003 జనవరి 4న కేంద్రం అణు విధానం ప్రకటించింది. మనం ముందుగా అణ్వస్త్రం వాడం అన్నది అందులో ఉంది. ప్రపంచమంతటికీ వర్తించే, తనిఖీకి వీలయ్యే, వివక్ష లేని నిరాయుధీకరణకి కట్టుబడి ఉన్నాం అన్నదీ ఉంది. మూడు విశేషణాలు ఉన్నాయి. తేదీ లేదు.

ఈ తేదీ పిచ్చి నాకు మా చీఫ్ సబ్ అంటించింది. వార్తలో ‘త్వరలో’ అని కనపడితే చాలు, గుండ్రంగా చుట్టి కాపీ వెనక్కి పంపేవారు. ‘త్వరలో అంటే ఎప్పుడు? ఫోన్ చేసి కనుక్కో’. అప్పటి నుంచి ఏ నాయకుడు ‘కట్టుబడి ఉన్నాం’ అన్నా నేను ఆ వాక్యంలో తేదీ కోసం వెతుకుతాను. 1988 ప్రణాళికలో ఉంది కాబట్టే దాని మీద నాకు ఇప్పటికీ గౌరవం. అది జరగలేదు, ఆ సంగతి వేరు. జరగలేదని చెప్పగలుగుతున్నామంటేనే అందులో తేదీ ఉందని కదా.

ప్రశ్న: అణ్వస్త్రాలు తీసేస్తామని పెద్ద దేశాలు ఎప్పుడో సంతకాలు పెట్టాయని విన్నాను. పెట్టినప్పుడు ఎందుకు తీసేయలేదు? అడిగేవాళ్లు లేరా?
— చిన్న వ్యాపారి, మలక్‌పేట

జవాబు: అన్నగారూ, మీరు పాతబస్తీ పక్కనే ఉన్నారు కాబట్టి మీకు సులువుగా చెప్పొచ్చు. మన హైదరాబాదీలు ‘పర్సోం’ అంటారు చూడండి. మొన్నా అదే, ఎల్లుండీ అదే. ‘పర్సోం ఇచ్చేశాగా భాయ్’ అంటే మొన్న కావచ్చు, రెండేళ్ల కిందట కావచ్చు. ఎన్‌పీటీ అనే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఆరో అధికరణం సరిగ్గా ఆ పర్సోం భాషలో ఉంది.

1968లో సంతకాలకి పెట్టి, 1970లో అమల్లోకి వచ్చిన ఒప్పందం అది. బేరం ఏమిటంటే, బాంబు లేని దేశాలు ఇక చేసుకోకూడదు. బాంబు ఉన్న ఐదు దేశాలు, అంటే అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా, చిత్తశుద్ధితో చర్చలు జరపాలి. ఆ ఆరో అధికరణం ఒకే ఒక్క వాక్యం. డెస్కు మనిషిలా చదివితే తమాషా కనపడుతుంది. ‘త్వరలో’ అన్న అర్థం వచ్చే మాట అందులో ఒకసారే ఉంది. అది కూడా ఆయుధ పోటీ ఆపడానికి. అసలు ఆయుధాలు తీసేయడానికి ఆ ‘త్వరలో’ కూడా లేదు! మా చీఫ్ సబ్ చేతికి వెళ్లుంటే ఈ ఒప్పందం ఇప్పటికీ అచ్చయ్యేది కాదు.

అదే ఒప్పందంలో అణ్వస్త్ర దేశం అని ఎవర్ని అనాలి అన్న చోట మాత్రం పక్కా తేదీ ఉంది: 1967 జనవరి 1కి ముందు పేల్చినవాళ్లు. చైనా 1964 అక్టోబరులో పేల్చింది కాబట్టి లోపల. మనం ఆ తేదీ నాటికి పేల్చలేదు కాబట్టి ఎప్పటికీ బయట. ఇది వివక్ష అని మన దేశం ఇప్పటిదాకా సంతకం పెట్టలేదు. పాకిస్తాన్, ఇజ్రాయెల్ కూడా పెట్టలేదు. ఉత్తర కొరియా ఉండి, 2003లో బయటికి పోతున్నానని ప్రకటించింది.

అడిగేవాళ్లు లేరా అన్నారు, ఉన్నారు. ఐదేళ్లకోసారి సమీక్షకి కూర్చుంటారు. 2000లో పదమూడు అడుగులు వేద్దామని ఒప్పుకున్నారు. 2010లో అరవై నాలుగు పనుల జాబితా రాసుకున్నారు. 2015లో, మళ్లీ 2022లో, ఏకాభిప్రాయం కుదరక తుది పత్రం లేకుండానే లేచిపోయారు. జెనీవాలో నిరాయుధీకరణ సదస్సు అని ఇంకొకటి ఉంది. 65 దేశాలు. ఒక్కరు కాదన్నా ఏదీ ముందుకి సాగదు. పరీక్షల నిషేధ ఒప్పందం మీద 1996 దాకా చర్చలు జరిపింది అక్కడే. ఆ తర్వాత మళ్లీ ఒక్క ఒప్పందం తేలలేదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులు నయం, వాటర్ ట్యాంకయినా కడిగిస్తారు.

అలాగని అంతా వట్టిదే అనను. 1980ల నడుమ ప్రపంచంలో అణ్వస్త్రాలు డెబ్బై వేల దాకా ఉండేవి, ఇప్పుడు పన్నెండు వేల పైచిలుకు. తగ్గినవాటిలో ఎక్కువ భాగం తేదీ, అంకె, తనిఖీ మూడూ ఉన్న ఒప్పందాల కాలంలోనే తగ్గాయి. 1987 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ సంతకం పెట్టిన మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం చూడండి. రెండు దేశాలూ కలిపి 2,692 క్షిపణుల్ని లెక్కపెట్టి మరీ ధ్వంసం చేశాయి. అమెరికా తనిఖీదారులు రష్యాలోని ఒక క్షిపణి ఫ్యాక్టరీ గేటు దగ్గర, రష్యావాళ్లు అమెరికాలోని ఇంకో ఫ్యాక్టరీ గేటు దగ్గర పదమూడేళ్లు కాపలా కాశారు. బయటికి పోయే ప్రతి పెద్ద బండినీ ఆపి కొలవడమే పని. కట్టుబాటు అంటే నా కళ్ల ముందు ఆ గేటే కనపడుతుంది.

ఆ ఒప్పందం 2019 ఆగస్టు 2న పోయింది. ‘న్యూ స్టార్ట్’ అని ఇంకోటి ఉండేది, అమెరికా, రష్యా ఒక్కోటి మోహరించే వార్‌హెడ్లు, అంటే క్షిపణి మొనలో ఉండే బాంబులు, 1,550 దాటకూడదని, ఏడాదికి పద్దెనిమిది తనిఖీల దాకా చేసుకోవచ్చని. కోవిడ్‌తో 2020లో తనిఖీలు ఆగాయి, మళ్లీ మొదలవలేదు. 2023లో రష్యా పక్కకి తప్పుకుంది. 2026 ఫిబ్రవరి 5 దాకానే గడువు, రెండోసారి పొడిగించే వీలు ఆ కాగితంలోనే లేదు. కాబట్టి అన్నగారూ, ఇప్పుడు ఆ గేట్ల దగ్గర ఎవరూ లేరు.

ప్రశ్న: యుక్రెయిన్ బాంబులు ఇచ్చేసి ఏం బావుకుంది? ఇంత చూశాక కూడా నిరాయుధీకరణ అని ఎవరైనా అంటే నవ్వొస్తోంది.
— బ్యాంకు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: నాకు నవ్వు రాలేదు గానీ, ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా గొంతు కాస్త తగ్గుతుంది. ఇది నిరాయుధీకరణ వాదానికి తగిలిన అన్నింటికంటే పెద్ద దెబ్బ. కాకపోతే జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు యుక్రెయిన్ నేల మీద దాదాపు 1,900 దూరశ్రేణి వార్‌హెడ్లు మిగిలిపోయాయి. నేల వాళ్లది, మీట మాస్కోది. వాడాలంటే కావలసిన కోడ్లు యుక్రెయిన్ చేతిలో లేవు. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఒక పత్రం రాసిచ్చాయి, మీ సరిహద్దుల్ని గౌరవిస్తాం అని. 1996 జూన్ నాటికి ఆఖరి వార్‌హెడ్ కూడా రష్యాకి రైలెక్కింది.

ఆ పత్రంలో ఏ మాట వాడాలన్న దాని మీదే పెద్ద తర్జనభర్జన జరిగింది. మన భాషలో చెప్పాలంటే, అభయం ఇచ్చారు గానీ పూచీ పడలేదు. మీరు బ్యాంకులో పనిచేస్తున్నారు, తేడా మీకు నేను చెప్పాలా? ‘అప్పు తీర్చేస్తాడు లెండి, మంచివాడు’ అని పక్కింటాయన అనడం వేరు, జామీను సంతకం పెట్టడం వేరు. మాట తప్పితే ఏం చేస్తాం అన్న చోట, సందేహాలొస్తే సంప్రదించుకుంటాం అని రాసుకున్నారు. 2014లో క్రిమియా పోయింది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధమే వచ్చింది.

దక్షిణాఫ్రికా కథ ఇంకో రకం. సొంతంగా ఆరు బాంబులు చేసుకున్న దేశం అది. ఎవరికీ చెప్పకుండా చేసుకుంది, ఎవరికీ చెప్పకుండానే విప్పేసింది. 1991లో ఎన్‌పీటీలో చేరింది. 1993 మార్చి 24న ఆ దేశాధ్యక్షుడు డి క్లార్క్ పార్లమెంటులో బయటపెట్టారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్లు వెళ్లి అన్నీ లెక్క చూసుకున్నారు. నల్లజాతి ప్రభుత్వం చేతికి బాంబు పోకూడదన్న భయం కూడా ఆ నిర్ణయం వెనుక ఉందని చాలామంది అంటారు, నేనూ కాదనను. మంచి పనికి వెనుక ఉద్దేశం కూడా మంచిదే అయి తీరాలని రూలేం లేదు.

ప్రశ్న: పాకిస్తాన్ బాంబు పెట్టుకుని కూర్చుంటే మనం దింపేయాలా? మీలాంటివాళ్లు ఆ దేశానికే వెళ్లి రాయండి ఈ కబుర్లు.
— పేరు, ఊరు రాయలేదు

జవాబు: వెళ్లను. తార్నాకలో ఇల్లు లోను తీరి మూడేళ్లే అయింది.

మనమొక్కళ్లమే దింపేయాలని నేను ఎక్కడా రాయలేదు. ఒక విషయం మాత్రం చెబుతాను. 1988 డిసెంబరు 31న మన దేశమూ పాకిస్తానూ ఒక ఒప్పందం చేసుకున్నాయి, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న ఇద్దరూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలో కూడా ఇచ్చుకున్నారు. పార్లమెంటు మీద దాడి జరిగి సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ 2002 జనవరి 1న కూడా. మా డెస్కులో అది ఏటా సింగిల్ కాలం వార్త, కొత్త సంవత్సరం కేకుల ఫొటో కింద. నేనే కుదించి రెండు పేరాలు చేసేదాన్ని. ఈ రెండు దేశాల మధ్య తేదీ తప్పకుండా జరిగే పని ఇంకోటి ఉంటే రాయండి, పైన బాక్సు కట్టి వేస్తాను.

ప్రశ్న: 2017లో అణ్వస్త్రాలను పూర్తిగా నిషేధిస్తూ ఒప్పందం వచ్చింది కదా. ఉన్నవాళ్లెవరూ సంతకం చేయనప్పుడు చట్టపరంగా దానికి విలువేమిటి?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, ఉస్మానియా యూనివర్సిటీ

జవాబు: మా వీధి చివరే చదువుకుంటున్నావన్నమాట. 2017 జూలై 7న ఐక్యరాజ్య సమితిలో 122 దేశాలు అవునన్నాయి, నెదర్లాండ్స్ కాదంది, సింగపూర్ ఎటూ చెప్పలేదు. 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉంది. డెబ్బైకి పైగా దేశాలు ఆమోదించాయి. బాంబు ఉన్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ లేదు. చర్చలకి మనమూ వెళ్లలేదు, జెనీవాలోనే తేల్చుకోవాలన్నది మనవాళ్ల వాదన. జెనీవా సంగతి పైన చెప్పాను.

చట్టపరంగా, చేరని దేశాన్ని అది కట్టిపడేయదు. అయితే నాకు నచ్చిన సంగతి ఒకటుంది. బాంబు ఉన్న దేశం ఇందులో చేరితే, ముందు ఆయుధాల్ని వెంటనే వాడకం నుంచి తప్పించాలి, తర్వాత గడువు పెట్టుకుని ధ్వంసం చేయాలి. ఆ గడువు ఎంత ఉండాలో 2022 జూన్‌లో వియన్నాలో కూర్చుని తేల్చారు: పదేళ్లకి మించకూడదు. నా లెక్కలో మొదట చూసేది అదే. తేదీ ఉన్న కాగితం మీద సంతకాలు లేవు, సంతకాలున్న కాగితం మీద తేదీ లేదు.

నువ్వు లా చదువుతున్నావు కాబట్టి మార్షల్ దీవుల కేసు తప్పకుండా చదువు. 1946 నుంచి 1958 దాకా అమెరికా 67 అణు పరీక్షలు జరిపింది వాళ్ల నేల మీదా నీళ్లలోనే. అరవై వేల జనాభా కూడా లేని ఆ దేశం 2014లో తొమ్మిది అణ్వస్త్ర దేశాల మీదా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, మీరు చర్చలు జరపాల్సిన బాధ్యత తీర్చుకోవడం లేదని. ఆ కోర్టు పరిధిని ముందే ఒప్పుకున్నవి మూడే దేశాలు: బ్రిటన్, పాకిస్తాన్, మన దేశం. మిగతావాళ్లు రానేలేదు. 2016 అక్టోబరు 5న కోర్టు కేసు కొట్టేసింది. మన కేసులో తొమ్మిది మంది ఒకవైపు, ఏడుగురు ఇంకోవైపు. బ్రిటన్ కేసులో ఎనిమిదికి ఎనిమిది, అధ్యక్షుడి ఓటుతో తేల్చారు. కారణం ఏమిటో తెలుసా? కేసు వేసేనాటికి మీ మధ్య ‘వివాదం’ ఉన్నట్టు కనపడలేదట! ముందు గట్టిగా తగాదా పెట్టుకుని రావాల్సింది అన్నమాట.

విచిత్రం ఏమిటంటే ఇదే కోర్టు 1996 జూలై 8న ఇచ్చిన సలహా అభిప్రాయంలో, చర్చలు జరపడమే కాదు, వాటిని ఒక కొలిక్కి తేవాల్సిన బాధ్యత కూడా ఉందని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ ‘కొలిక్కి’ అన్న మాటని నీ నోట్సులో అండర్‌లైన్ చేసుకో.

ప్రశ్న: మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ పక్కనే మా ఇల్లు. చుట్టాలొస్తే ‘ఇక్కడే బాంబులు చేస్తారా’ అని అడుగుతారు. ఏం చెప్పాలి?
— రిటైర్డ్ టెక్నీషియన్

జవాబు: టీ ఇచ్చి, కాదని చెప్పండి. అక్కడ 1970ల నుంచి చేస్తున్నది కరెంటు రియాక్టర్లకి ఇంధనం. జిర్కోనియం మిశ్రలోహం గొట్టాల్లో యురేనియం ఆక్సైడ్ బిళ్లలు పేర్చి కట్టలుగా కడతారు. మన 220 మెగావాట్ల రియాక్టర్లకి పోయే కట్టలో పంతొమ్మిది గొట్టాలుంటాయి, పొడవు అర మీటరు. నాకంటే మీకే బాగా తెలియాలి. సహజ యురేనియంలో పేలే సరుకు నూటికి ఒక వంతు కూడా ఉండదు, బాంబుకి తొంభై దాకా కావాలి.

చుట్టాలు మరీ తెలివైనవాళ్లయితే ఇంకో ప్రశ్న వేస్తారు: రియాక్టర్లోనే కదా బాంబుకి పనికొచ్చే ప్లుటోనియం పుట్టేది? అవును. 1974లో పేల్చిన దానికి ప్లుటోనియం వచ్చింది ముంబైలో ట్రాంబేలోని సైరస్ పరిశోధన రియాక్టర్ నుంచి. దాన్ని కెనడా ఇచ్చింది శాంతియుత అవసరాలకని. అందుకే తనిఖీ అన్న మాట దగ్గర అందరూ అంత పట్టుబడతారు.

దారి ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా ఉంది. 1993లో రష్యా, అమెరికా ఒక ఒప్పందం చేసుకుని, రష్యా బాంబుల్లోంచి తీసిన 500 టన్నుల యురేనియాన్ని పలచబరిచి అమెరికా కరెంటు రియాక్టర్లకి అమ్మారు. సుమారు ఇరవై వేల వార్‌హెడ్ల సరుకు. ఇరవై ఏళ్లు పట్టింది, 2013లో చెప్పిన టైముకి పూర్తయింది. ఆ కాలంలో అమెరికాలో వెలిగిన ప్రతి పది బల్బుల్లో ఒకటి తమ మీదకి గురిపెట్టిన బాంబుతో వెలిగిందని లెక్క. ఈ వార్తకి మాత్రం నేను బ్యానర్ పెట్టలేదు. లోపలి పేజీలో, షేర్ మార్కెట్ పక్కన వేశాను.

ప్రశ్న: అమ్మా, నాకు డెబ్బై రెండేళ్లు. మాలాంటి మామూలు ఆడవాళ్లు ఈ బాంబుల గురించి ఏం చేయగలం? పేపర్ చదివి టెన్షన్ పడటం తప్ప.
— ఒక నానమ్మ, మెహదీపట్నం

జవాబు: నానమ్మ గారూ, మీ చిన్నప్పుడు పాలపన్ను ఊడితే ఏం చేశారు? మా అమ్మ ఆవుపేడలో చుట్టి ఇంటి కప్పు మీదకి విసరమనేది. వెనక్కి తిరిగి చూడకూడదు.

1958 చివర్లో అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో కొందరు డాక్టర్లు, సైంటిస్టులు, ఇళ్లల్లో ఉండే ఆడవాళ్లు కలిసి, మీ పిల్లల పాలపళ్లు పారేయకండి, మాకు పంపండి అన్నారు. ఆ రోజుల్లో బాంబు పరీక్షలు బయటే, గాలిలోనే చేసేవారు. ఆ దుమ్ములో స్ట్రాన్షియం–90 అనే రేడియోధార్మిక పదార్థం ఒకటి ఉంటుంది. గడ్డి మీద పడుతుంది, ఆవు తింటుంది, పాలలోకి వస్తుంది. ఒంట్లో అది కాల్షియంలాగే నటించి ఎముకల్లో, పళ్లల్లో చేరిపోతుంది. తల్లులు పన్నుతో పాటు ఒక కార్డు నింపి పంపేవారు, బిడ్డ ఎప్పుడు, ఎక్కడ పుట్టాడు, తల్లిపాలా డబ్బాపాలా అని. పంపిన పిల్లలకి చొక్కాకి పెట్టుకునే బిళ్ల ఒకటి ఇచ్చేవారు. అలా పన్నెండేళ్లలో మూడు లక్షల పళ్లు వచ్చాయి. పరీక్షలు పెరిగిన కొద్దీ పుట్టిన పిల్లల పళ్లల్లో ఆ విషం పెరుగుతూ వచ్చిందని లెక్క తేలింది.

1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ సంతకాలు పెట్టాయి: గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో ఇక పేల్చం అని. మనమూ సంతకం చేశాం. పళ్ల వల్లే అయిందని అనను, అంతకు ముందు ఏడాది క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవలో ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి, ఆ భయం పెద్దది. అయితే తన బిడ్డ నోట్లో బాంబు ఉందని తెలిసిన తల్లుల ముందు నిలబడటం ఏ సెనేటరుకైనా కష్టమే. భూమి లోపల పేల్చడం ఆ తర్వాత కూడా ఆగలేదు, అది చెప్పకపోతే ఎర్ర పెన్ను నా మీదే పడుతుంది.

మీరేం చేయాలంటారా? మా పక్కన మల్కాజిగిరి ఎంపీకి నేను కిందటేడు ఉత్తరం రాశాను. ‘అణు నిరాయుధీకరణకి మన దేశం ఏ తేదీ లోపు ఏ చర్చలు కోరుతోంది’ అని పార్లమెంటులో ఒక్క లిఖితపూర్వక ప్రశ్న వేయండి, మంత్రిగారు జవాబు రాసివ్వక తప్పదు అని. రసీదు కార్డు వచ్చింది. మళ్లీ రాస్తాను. మీ ఎంపీకి మీరు రాయండి. రాసేటప్పుడు ‘త్వరగా’ అనకండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఏడో తరగతి. ప్రాజెక్టు చార్టుకి కావాలి. ప్రపంచంలో మొత్తం అణుబాంబులు ఎన్ని? ఒక్క అంకె చెప్పండి చాలు.
— ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 12,241. స్టాక్‌హోమ్‌లో సిప్రి అనే సంస్థ వేసిన అంచనా, 2025 జనవరి నాటికి. అంకె పక్కన ఎవరు లెక్కేశారో, ఏ తేదీకి లెక్కేశారో రెండూ రాయి. అవి లేకుండా అంకె ఒక్కటే రాస్తే మీ సార్ మార్కులు వేసినా నేను వేయను. ఇంకోటి, చార్టు మధ్యలో పుట్టగొడుగు మేఘం వేయకు. క్లాసులో అందరూ అదే వేస్తారు. ఒక పాలపన్ను బొమ్మ వెయ్యి. ఇదేంట్రా అని ఎవరైనా అడిగితే పై జవాబు చదివి వినిపించు.